షాలేం రాజు చేతిలో స్పాంజి

షాలేం రాజుకి భయపడడానికి కారణం అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆయన పని టెస్టింగ్, అంటే ఎవరో రాసిన ప్రోగ్రాములో ఎక్కడేం చెడుతుందా అని పొద్దస్తమానం వెతకడం. ఆ బుద్ధిని సాయంత్రం ఆఫీసులోనే వదిలేసి వస్తే ఇంట్లోవాళ్ళు సుఖపడేవారు. వదిలితేగా! ప్రతి ఆదివారం చర్చికి బయల్దేరే ముందు ఇంట్లో ఉన్న పొగ అలారాలన్నీ నొక్కి చూస్తాడు. భార్య విమలకుమారి చెవులు మూసుకుని కార్లో కూర్చుంటుంది.

అలాంటి మనిషి కూతురు పర్సిస్ బాక్సింగ్ నేర్చుకుంది.

చిన్నప్పుడు ఈత టీములో చేరితే చెవుల్లోకి నీళ్ళు పోతాయని మాన్పించాడు. స్కూలు వాళ్ళు కొండలెక్కడానికి తీసుకెళ్తామంటే సంతకం పెట్టలేదు. దూరంగా మంచి కాలేజీలో సీటొస్తే, టెక్సస్‌లో తాముండే కాపెల్ ఊరి నుంచి కార్లో వెళ్ళొచ్చే కాలేజీ చాలన్నాడు. ప్రతిసారీ ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని "ఓకే డాడీ" అంది. డ్రైవింగ్ నేర్పేటప్పుడైతే మరీ విడ్డూరం. కారు ఫ్రీవే ఎక్కగానే పక్కసీట్లో ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, కారు కప్పుకి తగిలేదాకా రెండు చేతులూ పైకెత్తేశాడు. నరసాపురంలో అమ్మ పక్కన నిలబడి ప్రార్థన నేర్చుకున్నప్పటి అలవాటు అది. భయం ముదిరితే ఆ చేతులు ఆయన్ని అడిగి లేవవు. విమలకుమారి ఈ సంగతి చర్చిలో ప్రతి ఆంటీకీ అభినయంతో సహా చెప్పి నవ్వించింది.

ఉద్యోగం వచ్చాక పర్సిస్ అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టింది. బాక్సింగ్ జిమ్‌లో చేరానంది. మూడేళ్ళ తర్వాత, డ్రై ఫోర్డ్‌లో పోటీకి వెళ్తున్నానంది.

డ్రై ఫోర్డ్ అంటే పడమటి టెక్సస్‌లో, ఎండిపోయిన ఏటి పక్కన ఉన్న చిన్న ఊరు. రైలు పట్టాలు అప్పుడప్పుడే పడుతున్న రోజుల్లో కూలీలూ, పశువులు తోలేవాళ్ళూ, పని పోయిన సిపాయిలూ అక్కడ పిడికిళ్ళతో కొట్టుకునేవాళ్ళట. పందెం పోటీలను చట్టం నిషేధించింది. అందుకే బరిని సరిగ్గా ఏటి మధ్య వేసేవారు, ఏరే రెండు కౌంటీలకు, అంటే జిల్లాలకు, సరిహద్దు కాబట్టి. ఇటు జిల్లా పోలీసు షెరీఫు వస్తే గుంజలు పీకి అటు పాతేవారు. గ్లవ్స్ లేవు, ఇన్ని రౌండ్లనే లెక్క లేదు. మనిషి పడితే రౌండు అయినట్టు, లేవలేకపోతే పోటీ అయిపోయినట్టు.

ఇప్పుడు ఏటా ఆ రోజుల గుర్తుగా అదే ఇసుకలో గుంజలు పాతి, తాళ్ళు కట్టి పోటీలు పెడుతున్నారు. గ్లవ్స్, తలకి రక్షణ, డాక్టరు అన్నీ ఈ కాలానివే. ఒక్క పాత ఆచారాన్ని మాత్రం వదల్లేదు. ఆడేవాళ్ళ మూల దగ్గర వాళ్ళ రక్తసంబంధి ఒకరు తడి స్పాంజి పట్టుకుని నిలబడాలి. ఆనాటి మగాళ్ళు చచ్చినా తమంతట తాము ఓడిపోయామనేవారు కాదు. "ఇక చాలు" అనే హక్కు ఇంటివాళ్ళకే ఇచ్చారు. స్పాంజి తాడు దాటి లోపల పడిందా, ఆట అక్కడితో సరి. మళ్ళీ వెనక్కి తీసుకునేది లేదు.

విమలకుమారి రక్తం చూస్తే కళ్ళు తిరిగి పడిపోతుంది. మిగిలింది ఆయనే.

"డాడీ, స్పాంజి మీరు పట్టుకోవాలి," అంది పర్సిస్. "బట్ వేయొద్దు. ఓడిపోతే నేను ఓడిపోతా. ఈ ఒక్కటీ మీరు ఆపొద్దు. ప్రామిస్ చేయండి."

చేశాడు. చేసిన దగ్గర్నుంచీ ఆయనకి అన్నం సహించలేదు. పాతకాలం బాక్సింగ్ గురించి దొరికిందల్లా చదివాడు. విరిగిన దవడలు, మూసుకుపోయిన కళ్ళు, ఇంటికి తిరిగిరాని మనుషులు. మా వైపు కోడిపందేలకీ నిషేధమే, పెద్దమనుషులేమో ముందు కుర్చీల్లోనే, అదే తంతు ఇక్కడా అని భార్యతో అన్నాడు. అక్కడ కోళ్ళు కదా అందామె. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత తనే బాధపడింది.

పోటీ రోజు ఎండ మాడ్చేస్తోంది. జిమ్ కోచ్ డెల్గాడో, తెల్లమీసాల పెద్దాయన, షాలేం రాజుకి ఒకటే జాగ్రత్త చెప్పాడు. రౌండు నడుస్తున్నంతసేపూ స్పాంజి బకెట్లోనే ఉండాలి, చేతిలో ఉండకూడదు. ఆయన తలూపాడు.

మొదటి రౌండు ఎలాగో గడిచింది. రెండో దాంట్లో ఎదుటి అమ్మాయి, బారు చేతుల కెయ్‌లా, పర్సిస్ ముక్కు మీద గట్టిగా కొట్టింది. విరామంలో షాలేం రాజు కూతురి ముఖం తుడిచాడు. స్పాంజి ఎర్రబడింది. నొప్పిగా ఉందా తల్లీ అని అడగబోతే అప్పటికే గంట మోగింది, పర్సిస్ లేచి వెళ్ళిపోయింది. స్పాంజి ఆయన చేతిలోనే ఉండిపోయింది.

కెయ్‌లా మీదికొచ్చింది. పర్సిస్ వెనక్కి వెనక్కి జరుగుతూ సరిగ్గా ఆయన ముందరి తాళ్ళకి వచ్చి ఆనుకుంది. గుద్దుల చప్పుడు ఆయన దవడలోనే వినిపించినట్టయింది. అయ్యో ప్రభువా! కళ్ళు మూతలు పడ్డాయి. చేతులు లేచాయి. స్తుతించేటప్పుడు అరచేతులు తెరుచుకుంటాయి కదా, అలాగే తెరుచుకున్నాయి.

కళ్ళు తెరిచేసరికి జనం గోల చేస్తున్నారు. రిఫరీ ఇద్దరి మధ్యా చేతులు చాచి నిలబడ్డాడు. తాడుకి అవతల, ఇసుకలో స్పాంజి పడి ఉంది. ఆశ్చర్యం, పర్సిస్ తాళ్ళ దగ్గర లేదు, బరి మధ్యలో ఉంది. తాళ్ళకి ఆనుకుని వగరుస్తున్నది కెయ్‌లా.

ప్రార్థన చేస్తున్నాను, చేయి జారింది అని ఆయన రిఫరీకి రెండు చేతులూ జోడించి మరీ చెప్పుకున్నాడు. రిఫరీ జాలిగానే విన్నాడు గానీ ఇక్కడి ఆచారం ఇంతేనన్నాడు. పర్సిస్ తండ్రి వైపు చూడకుండా గ్లవ్స్ విప్పేసుకుంది.

పోటీ అయ్యేదాకా బరి వైపు రాని విమలకుమారి తిరుగు దారిలో వెనకసీట్లో కూర్చుంది. చాలా దూరం పోయాక పెట్రోలు కోసం ఆగారు. పర్సిస్ దిగి, కారుకి ఆనుకుని నిలబడింది. ఆయన పక్కకి వెళ్ళాడు.

"కావాలని చేశారా డాడీ?"

"లేదమ్మా. ప్రార్థన చేస్తుంటే జారింది."

"ఏమని ప్రే చేశారు?"

గెలిపించమని, అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ అనలేకపోయాడు.

"ఆగిపోవాలని."

పర్సిస్ వాచిన ముక్కు కింద పెదవి వణికింది.

"నేను విన్ అవుతున్నా. ఆ కార్నర్ నుంచి బయటికొచ్చి తనని త్రీ టైమ్స్ కొట్టా. నా లైఫ్‌లో బెస్ట్ అది. అందరూ చూశారు. మీరు చూడలేదు."

షాలేం రాజు తల సిగ్గుతో వాలిపోయింది. కాసేపటికి కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, కెయ్‌లా నిలబడ్డట్టే కూతురి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎలా కొట్టావో చూపించమ్మా."

వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన కదల్లేదు. చివరికి పర్సిస్ కారు మీంచి లేచి, భుజం దించి, పక్కకి తప్పుకుని, పిడికిలి విసిరింది. అది నేరుగా ఆయన ముఖం మీదికి వచ్చింది. చేతులు లేవబోయాయి, ప్యాంటు గుడ్డని గుప్పిళ్ళతో పట్టుకుని ఆపుకున్నాడు. పిడికిలి ముక్కు దగ్గరికి వచ్చి ఆగింది.

ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటి నిండా నీళ్ళు.

"ఇంకో రెండున్నాయి కదా," అన్నాడు. "అవి కూడా చూపించు."