జీడి నూనె పూసిన పిస్తోలు

నీలకంఠానికి తుపాకులంటే గౌరవం. వాటిని నడుముకు కట్టుకుని తిరిగేవాళ్లంటే ఏవగింపు.

పురోహితుడి కొడుకై ఉండి ఆర్మ్‌డ్ రిజర్వులో ఆయుధాల మరమ్మతు పనికి చేరినందుకు తండ్రి ఏడాది పాటు అతనితో మాట్లాడలేదు. ఇరవై ఎనిమిదేళ్లు చేసి రిటైరయ్యాక టెక్కలిలో ఒక సందు చివర గది తీసుకుని, లైసెన్సు తెచ్చుకుని, అదే పని చేసుకుంటున్నాడు. వచ్చేవాళ్లంతా ఇప్పటికీ "పంతులుగారూ" అనే పిలుస్తారు. వాళ్లలో ఒక్కడూ తుపాకీ తుడవడం నేర్చుకోడు. పెళ్లిలో చొక్కా కాస్త పైకి జరిగితే పక్కవాడికి పిడి కనబడాలి. దాంతో వాళ్లకున్న పని అంతే.

ఈ నెలాఖరుకి గది లైసెన్సు గడువు తీరుతుంది. కొత్తది కావాలని పెట్టిన ఫైలు ఆఫీసులో నాలుగు నెలలుగా కదలడం లేదు. కదలకపోతే గదికి తాళమే. "ఎవరినైనా పట్టుకోండి" అని భార్య త్రిపురసుందరి రోజూ అంటోంది.

నెల మొదటి వారంలో జగదీశ్వరరావు కారు దిగాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, నందిగాం పక్కన పొలాలు, మెడలో ఏదో ఒక పార్టీ కండువా ఉన్న మనిషి. పిస్తోలు బల్ల మీద పెట్టి, "పేలతంది గానీ ఖాళీ తూటా బయటికి రాదు పంతులుగారూ. లోపలే ఇరుక్కుంటంది" అన్నాడు.

నీలకంఠం తూటాలేమీ లేవని రెండుసార్లు చూసుకుని విప్పాడు. లోపలంతా నల్లగా, బంకగా ఉంది. వేలితో తీసి వాసన చూశాడు.

"ఏవిటి రాసేరు దీనికి?"

"దసరాకి పూజ సేసి, మన ఫ్యాక్టరీ జీడి తొక్కు నూని రాయించినాను. పడవలకి రాత్తే ఏళ్ల తరబడి సెక్కుసెదరదు కదా! ఇనుముకీ మంచిదేనని..."

"పడవ పేలదు కదండీ."

"ఎటకారం ఎందుకు, పంతులుగారూ?"

ఆ నూనె ఎండి జిగురై గట్టిపడింది. పేలిన తూటా గొట్టాన్ని పట్టి బయటికి లాగే చిన్న కొక్కెం ఆ జిగురుతో పెనుగులాడి, కొస విరిగింది. కంపెనీ నుంచి కొత్తది తెప్పించాలి. మూడు వారాలు పడుతుంది.

"ఎల్లుండి పూండిలో మా మేనల్లుడి పెళ్లి. అందరూ నా నడుము కేసే సూత్తారు" అంటూ జగదీశ్వరరావు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో కొక్కెం ఉంది. "కాశీబుగ్గలో లేతు మీద సేయించినాను. జీడి పిక్కలు కోసే కత్తి ఇనుమే. ఇది బిగించి, కంపెనీదని రాసెయ్యండి. మీ ఫైలు పడుకుందట కదేటి? నేనొక్క మాట సెప్తే లేచి కూకుంటది."

నీలకంఠం కొక్కేన్ని గాడిలో పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చుంది. లేతు మనిషి చెయ్యి మంచిదే. మరమ్మతుల రిజిస్టరులో ఒక్క పదం రాస్తే గది నిలుస్తుంది. ఆ పదం ఎలా రాయాలో కూడా తన మనసు ఆలోచించేసిందని గ్రహించగానే, ఎదుటివాడి మీదున్న ఏవగింపులో కొంత తన మీదకీ వచ్చింది.

కొక్కేన్ని బయటికి తీసి, పట్టకారుతో ఒక్క నొక్కు నొక్కాడు. ముక్క విరిగి జగదీశ్వరరావు చెప్పు పక్కన పడింది.

"కత్తి ఇనుము కోతకే పనికొస్తుంది. బిగించి ఉంటే ఇది మీ మొహానికి జానెడు దూరంలో విరిగేది."

"అయితే మీ ఫైలు సంగతి మీరే సూసుకోండి."

"అలాగే."

పిస్తోలుకి చీటీ కట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పెళ్లికి జగదీశ్వరరావు ఖాళీ ఒరలో చేతిరుమాలు కుక్కుకుని తిరిగాడని తర్వాత తెలిసింది.

మూడు వారాలకి కొక్కెం వచ్చింది. నీలకంఠం రెండు రోజులు కూర్చుని జిగురంతా గీకాడు. కొత్త కొక్కేన్ని ఆకురాయితో కాస్త సవరించి బిగించి, మందులేని తూటాలు పెట్టి, పైభాగాన్ని చేత్తో వెనక్కి లాగుతూ పరీక్షించాడు. ఒక్కొక్కటీ ఎగిరి గోడకు తగిలింది. ఆ చప్పుడు వింటూ ఆ నెలలో మొదటిసారి నవ్వాడు.

జగదీశ్వరరావు వచ్చి రిజిస్టరు చూసి ఆగిపోయాడు. 'పాడైన కారణం' అన్నచోట 'యజమాని జీడి నూనె పూయడం' అని ఉంది.

"ఇది కొట్టెయ్యండి పంతులుగారూ. అధికార్లు సూత్తే నవ్వుతారు."

"సంతకం పెడితేనే ఇస్తాను."

పెట్టాడు. నెలాఖరు వచ్చింది. ఫైలు లేవలేదు. నీలకంఠం గదికి తాళం వేసి, అప్పగించాల్సిన రిజిస్టరు తీసుకుని ఆఫీసుకి వెళ్లాడు. బల్ల మీద పెట్టేముందు చివరి పేజీ తెరిచాడు. గుమస్తా ఎక్కడ దాటేస్తాడోనని, 'జీడి నూనె' అన్న మాట కింద స్కేలు పెట్టి ఎర్ర గీత గీశాడు.