చలికాలపు టైర్లు ముందుకా, వెనక్కా

డెబ్బైల మధ్యలో, మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు, నా కారుకు మంచుదేశాల చలికాలపు టైర్లు కొన్నాను. ఎందుకని అడిగినవాళ్లకు ఒక పెళ్లి కోసం అని చెప్పేవాణ్ని. అది నిజం.

పెళ్లికూతురు గోదావరి వైపు నర్సు. సమాయిల్ దాటాక కొండల మధ్య ఉన్న ఆసుపత్రిలో డ్యూటీ. పెళ్లికొడుకు మా కంపెనీలో టైపిస్టు. మస్కట్ పక్కనే రువిలో చర్చి హాలు, అక్కడి సెలవురోజు శుక్రవారంనాడు గంటకొక భాషవాళ్లది. తెలుగువాళ్లకు మూడు నుంచి నాలుగు, ఆ తర్వాత మలయాళీలకు. పెళ్లి జరిపించే పాస్టరుగారు ఆ సాయంత్రమే బొంబాయి విమానం ఎక్కాలి. ఆ గంట దాటితే మళ్లీ ఎప్పుడో ఆయనకే తెలియదు.

అమ్మాయిని తీసుకురావడానికి కంపెనీ పికప్ పంపుదామన్నారు. సిమెంటు బస్తాలు మోసే బండి మీద పెళ్లికూతురు రావడం నేను ఒప్పుకోలేదు. నా కారులోనే వస్తుందని నలుగురిలో మాట ఇచ్చాను. మా ఎస్టేటు పోయింది, మేడ అమ్ముడైంది. నేను గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌ని. మాటొక్కటే ఇంకా మా సొంతం అని గట్టిగా నమ్మేవాణ్ని.

కారు స్వదేశం వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొన్నది. వెనక చక్రాలు తోస్తే నడిచే రకం. టైర్లు నాలుగూ నున్నగా అరిగాయి. ఆ చలికాలపు నెలల్లో కొండల మీద వాన పడితే, వాదీలనే ఎండిన వాగుదారులన్నీ పారి, దారి బురదవుతుంది. మత్రాలో టైర్ల దుకాణం గుజరాతీ షేటు దగ్గర ఆ వారం కొత్త టైర్లు రెండే ఉన్నాయి. చలిదేశాలకు వెళ్లాల్సినవి సరుకులో కలిసి పొరపాటున వచ్చాయట. లోతైన గాట్లతో మొసలి వీపులా ఉన్నాయి. చూడగానే నా మనసు దోచాయి.

నాతో వచ్చిన మేస్త్రిది కరీంనగర్. టైరును అరచేత్తో తట్టి చూసి, "గట్టిగున్నయి సారు. రెండూ ఎనుకకే ఎయ్యిండ్రి," అన్నాడు.

"ముందుకు వేయాలి. మా తాతగారి నాలుగు గుర్రాల బండికి మేలైన జత ఎప్పుడూ ముందే కట్టేవారు."

"గుర్రాలు గుంజుతయి సారు. ఈ బండిని ఎనుక టైర్లు నూకుతయి. ముందలియి ఉత్తగ దారి సూపిస్తయి."

"దారి చూపించేవి నాసిరకంగా ఉండకూడదు," అన్నాను.

షేటు నవ్వు దాచుకోవడానికి గోడకు తిరిగాడు. టైర్లు ముందుకే వేయించాను.

శుక్రవారం పొద్దున నేనూ మేస్త్రీ ఎండలో హాయిగా ఆసుపత్రికి వెళ్లాం. పెళ్లికూతురు తెల్ల పట్టుచీర కట్టుకునేలోపు కొండల మీద ఉరిమింది. పన్నెండున్నరకు బయల్దేరాం. వెనక సీట్లో ఆమె, ఆమె పక్కన ఆసుపత్రి పెద్ద సిస్టర్. ఆవిడ ఎక్కగానే కారు ఒకవైపుకు ఒరిగింది.

మొదటి వాదీలోనే ఆగిపోయాం. ముందు టైర్లు బురదను గట్టిగా పట్టుకుని నిలబడ్డాయి. వెనకవి గిర్రున తిరుగుతూ దిగబడుతున్నాయి. జాకీ పెడితే కారు లేవలేదు, జాకీయే భూమిలోకి వెళ్లింది.

"అన్నయ్యగారూ, ఏవీ అనుకోకండి. మనం రువి వెళ్తన్నామా, కిందకి వెళ్తన్నామా?" అంది పెళ్లికూతురు.

మేస్త్రి వంగి వెనక టైరు చూశాడు. "ఎనుక బరువు వడాలె సారు. అప్పుడు టైరు పట్టుకుంటది," అన్నాడంతే.

పెద్ద సిస్టర్ తలుపు తీసుకుని దిగింది. "బరువా? దేవుడు నాకు ఇంకేం ఇచ్చాడు నాయనా," అంటూ డిక్కీ మీదకు ఎక్కే ప్రయత్నం చేసింది. మేస్త్రి కింద నుంచి ఎత్తాడు, పెళ్లికూతురు పైనుంచి చెయ్యి పట్టి లాగింది. అంటే ఆమె అప్పటికే ఎక్కేసింది. తెల్లచీర కుచ్చిళ్లు ఒళ్లో పోగుచేసుకుని, కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది.

"అమ్మా, దిగండి. ఇది పద్ధతి కాదు," అన్నాను.

"మూడింటికి పెళ్లండీ. పద్ధతి నాలుగింటికి చూసుకుందాం. పోనీయండి."

మేస్త్రి కూడా వాళ్ల పక్కన ఎక్కాడు. నేను స్టీరింగు ముందు కూర్చుని మెల్లగా వదిలాను. కారు మూలిగింది, వణికింది, కదిలింది. గుంట వచ్చినప్పుడల్లా వెనకనుంచి ముగ్గురూ ఒకేసారి కేక పెట్టేవాళ్లు, వెంటనే నవ్వేవాళ్లు. సిస్టర్ ఒక స్తుతిపాట ఎత్తుకుంది. ఒంటెల మంద తోలుకుపోతున్న ముసలాయన ఆగి, మేం కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. నాకూ నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. కళ్లలో నీళ్లొచ్చి దారి అలికినట్టయింది.

రాళ్ల నేల చేరాక జాకీ నిలబడింది. టైర్లు నేనే విప్పాను. వాటి బురద నా మోకాళ్ల దాకా అంటింది. "మంచియి ఎటు ఎయ్యాలె సారు?" అని మేస్త్రి చాలా మర్యాదగా అడిగాడు.

"వెనక్కి," అన్నాను.

అందరం లోపల కూర్చున్నాక దారి పొడుగునా ఆగిందే లేదు. తర్వాతి రెండు వాదీలు దాటినట్టు కూడా తెలియలేదు. ప్రతి వాదీ దగ్గరా మేస్త్రి గొంతు సవరించుకునేవాడు, పెళ్లికూతురు మళ్లీ నవ్వేది.

రువి చేరేసరికి నాలుగుకు ఏడు నిమిషాలు తక్కువ. హాలు గుమ్మంలో మలయాళీలు పాటల పుస్తకాలు పట్టుకుని వరుసగా నిలబడి ఉన్నారు. నేను దిగి వచ్చి తలుపు తీయాలని చూశాను. ఆమె అప్పటికే అవతలి తలుపు తీసుకుని చీర ఎత్తి పట్టుకుని పరుగెత్తుతోంది. వెనకే సిస్టర్, ఆ వెనకే మేస్త్రి. నలుగురి ముందు పరుగెత్తడం మా ఇంట్లో ఎవరూ చేసిన పని కాదు. నేనూ పరుగెత్తాను.

పెళ్లికొడుకు మొదటి బెంచీ మీద, ఎవరు లేవమన్నా లేవనన్నట్టు కూర్చుని ఉన్నాడు. పాస్టరుగారు గడియారం చూసి, "పాటలు తర్వాత, ప్రమాణాలు ముందు," అన్నారు. పెళ్లికూతురికి ఊపిరి అందక, ఒప్పుకుంటున్నానన్న మాట మూడు ముక్కలుగా బయటికొచ్చింది. ఉంగరం వేలికి ఎక్కేసరికి నాలుగు కొట్టింది. మలయాళీలు లోపలికి వచ్చి, ఎవరూ అడగకుండానే, తమ భాషలో పాట అందుకున్నారు.