ఆఖరి భాగం, ఆటో స్టార్టర్లు

మేము ఆడిన కంప్యూటర్ ఆటల వరుసల ఆఖరి భాగం నత్తనడక అని ఇప్పటి పిల్లలు ఇంటర్నెట్ల రాస్తున్నరు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఆగాల్నట, అది వాళ్లకు బోర్ అట. వంతు వచ్చేదాక ఆగుడు చేతగానోళ్లు ఆ ఆట జోలికి ఎందుకు వోవాలె?

మేము దాన్ని ముగించింది రాష్ట్రం వచ్చిన కొత్తల, కేతేపల్లి దిక్కు మా అత్తగారి ఊర్ల. మా ఆయన హాస్టల్ల చదివే రోజుల నుంచి ఆ కంప్యూటర్ ఆట ఆడుతుండు. ఆరుగురి దండు. కత్తి పట్టెటోళ్లు, మంత్రాలు చదివెటోళ్లు. ఒక భాగం గెలిస్తే అదే దండును తర్వాతి భాగానికి తోలుకపోవచ్చు. కంప్యూటర్లు మారినయి, కిరాయి ఇండ్లు మారినయి, ఆ ఆరుగురు మారలే. అందుల గాయాలకు మందేసే ముసలామెను పెండ్లైన కొత్తల నేను తయారు జేసిన. ఒళ్లు బక్కది, నోరు పెద్దది. ఎవరి పోలికో చెప్పనక్కర్లేదు.

ఆఖరి భాగాన్ని ఆయన కావాల్నని కఠినమైన పద్ధతిల మొదలుపెట్టిండు. అందుల చచ్చినోళ్లు చచ్చినట్టే. ఆటను మనం సక్కగ మూస్తేనే దండు భద్రం. నడుమ కంప్యూటర్ ఆరిపోయిందా, ఆరుగురూ గాయబ్.

"కరెంటు గిట్లున్న ఊర్ల గా పద్ధతేందయ్యా?" అన్న.

"భయమైతాందా?" అన్నడు.

గంతే. నేనూ కూసున్న.

మా ఇంటికీ పొలాల మోటర్లకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. ప్రతి మోటరుకు ఆటో స్టార్టర్ ఉంటది. రైతు ఇంట్ల పండుకున్నా, కరెంటు రాంగనే మోటరు దానంతటదే లేస్తది. అన్నీ ఒక్కపారే లేస్తే లైట్లు మసకబారుతయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది. ఆ యాసంగిల అది కాలిపోతే ట్రాక్టర్ మీద తీస్కవోయి బాగు చేయించుకొచ్చిన్రు. అప్పుడు రైతులంతా కూసోని మాట అనుకున్నరు. ఆటోలు తీసెయ్యాలె, ఒకరెనుక ఒకరు చేత్తోని వేసుకోవాలె. అందరికన్న గట్టిగ అన్నది మా మామనే. ఆ మాట నమ్మి ఐతారం పొద్దుగాల మేము ఆఖరి యుద్ధం మొదలుపెట్టినం.

సగం యుద్ధంల కరెంటు వోయింది. యూపీఎస్ మొత్తుకునుడు షురువైంది. జరసేపట్ల కరెంటు వచ్చింది. ఫ్యాన్ ఒక చుట్టు తిరిగి నీరసపడ్డది, లైటు ఎర్రబారింది. వోల్టేజీ సాలక యూపీఎస్ మొత్తుకునుడు ఆపలే.

"ఒక్కడు తియ్యలే ఆటో!" అన్న. "ఒక్కడంటే ఒక్కడు!"

"ఊరును తర్వాత తిట్టు. నీ ముసలిదాన్ని ముందుకు తోలు. శత్రువు ఆమె దిక్కు మళ్లుతడు, మనోళ్లు వెనుకనుంచి పొడుస్తరు."

"నీ కత్తోన్ని తోలరాదు?"

"వాడు సస్తే పొడిచెటోడెవడే? బ్యాటరీ ఆగది, తొందరగ!"

లెక్కకు ఆయన చెప్పింది కరెక్టే. అందుకే ఇంకా మండింది. మౌస్ నా చేతుల ఉన్నది. ముసలామెను నేనే తోలిన. ఒక్క దెబ్బకు ఒరిగింది. మా కత్తోని మొదటి పోటు గాలికి వోయింది. ఆయన నా భుజం గట్టిగ వట్టిండు. రెండో పోటు దిగింది. ఆ పెద్ద శత్రువు కూలిండు, ముగింపు బొమ్మలు మొదలైనయి.

"ఆట మూయి, మూయి!" అని ఆయన అంటుండంగనే తెర నల్లగైంది. అప్పుడే బయట ధన్‌మని చప్పుడైంది. ట్రాన్స్‌ఫార్మర్ మళ్ల వోయింది.

కొద్దిసేపటికి మామ తువ్వాల దులుపుకుంట లోపలికొచ్చిండు.

"మామా, మన మోటరు ఆటో తీసినవా?"

"అందరు తీస్తమన్నరు గద బిడ్డా. మనదొక్కటుంటే ఏమైతది అనుకున్న."

"ఊరంతా గదే అనుకున్నది మామా."

పొట్టకొచ్చిన వరి ఎండుతదన్న ఫికర్ మామది.

కరెంటొచ్చినంక కంప్యూటర్ తెరిచినం. దండు ఉండే జాగా ఖాళీ. మా ఆయన ముఖం జూస్తే ఎవరో సచ్చిపోయినట్టే ఉన్నది.

"గెలిచినమని ఎవరికి జెప్పుకుందమే?"

"నువ్వు జూసినవ్, నేను జూసిన. ఇంకెవరు జూడాలె?"

ఆ వరుసల ఇంకో భాగం రాలే. మొదటి భాగం నుంచి మళ్ల ఆడుదమని ఆయన ఇప్పటికీ బతిమాలుతడు. ముసలామెను మళ్ల తయారు చెయ్యమంటడు. మళ్ల సావుకు తోలనీకా, చెయ్యనంట. ఆమె జాగాల ఎవరిని పెట్టాలె అంటడు. ఖాళీగ పెట్టు అంట. ఐదుగురితోని గెలుస్తమా అంటడు. గెలువకు అంట.