డ్రా చాలన్న చాచా

సీజన్‌లో ఒక్క మ్యాచ్ మిగిలి ఉండగా మా చాచా పోయాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసిన నర్సమ్మ భీమవరం వైపు మనిషి. "మీ చాచాగారు ఇక లేరండి. పొద్దున కూడా చివరి మ్యాచ్ ఎప్పుడని అడిగారండి" అంది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. సీజనంతా మా ప్రాణాలు తోడేసి, తీరా చివరి మ్యాచ్‌కి ఈయన లేకపోవడమేమిటి?

ఆయన మాకెవరికీ చుట్టం కాదు. అనంతపురం మనిషి. రియాద్‌లో సులై అనే చోట మేం పనిచేసే వర్క్‌షాపులో లారీల ఎలక్ట్రీషియన్. మేముండే లేబర్ క్యాంపులో అందరికీ చాచా, మా ఫుట్‌బాల్ టీముకు కోచ్. కోచ్‌గా ఆయన్ని ఎవరూ పెట్టలేదు. తనే వచ్చి మైదానం గీత పక్కన నిలబడి తిట్టడం మొదలుపెట్టాడు, అంతే.

ఆయన దగ్గర ఉన్నది ఒకటే కథ. వాళ్ల కాలేజీలో మొట్టమొదటగా ఫుట్‌బాల్ టీము పెట్టిన ఏడాది ఈయన అందులో వెనక కాపు కాసే ఫుల్‌బ్యాక్. సగం మందికి బూట్లు లేవట. అయినా ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదట. పొద్దున టీతో ఇదే కథ, పనికి పోయే బస్సులో ఇదే కథ, సాయంత్రం కుబ్బూస్ రొట్టె తుంచుకుంటూ మళ్లీ ఇదే. విని విని చెవులు తూట్లు పడ్డాయి. ఒకరోజు ఉండబట్టలేక "గెలిచినవి ఎన్ని చాచా?" అని అడిగాను.

"అది ఎవురడగమన్నార్రా నిన్ను? ఓడినామా లేదా, అది అడుగు" అన్నాడు.

దాదాపు అన్నీ డ్రాలేనని అప్పుడు అర్థమైంది. అవతలి టీము రాని మ్యాచ్ ఒకటి ఉందట గానీ, దాన్ని మాత్రం ఎప్పుడూ లెక్కలోకి రానివ్వలేదు. "ఆడకుండా ఓడకపోతే అదేం గొప్పరా" అనేవాడు.

ఆ డ్రాల జబ్బు మాకూ అంటించాడు. గోదాముల వెనక ఖాళీ జాగా, స్కాఫోల్డింగ్ పైపులతో గోల్‌పోస్టులు, సిమెంటు పొడితో గీతలు. అంత మైదానం పెట్టుకుని అందరం మా గోల్ ముందే గుంపు కట్టి ఉండేవాళ్లం. నేను పేరుకే ఫార్వర్డ్‌ని. బంతి దొరికి నాలుగడుగులు వేశానో లేదో మొదలు: "యాడికి పోతాండావ్‌రా? ఎనక్కి రా! డ్రా చాలు! ముందు ఇంటికి తాళమెయ్, ఆ పైన ఊరు తిరుగు!" ఒకసారి గోల్ కొట్టి గెలిపిస్తే, చోటు వదిలి పోయానని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. కప్పులు వేరేవాళ్లు పట్టుకుపోయేవారు. ఒళ్లు మండదా మరి?

కానీ నేను ఇవాళ ఈ దేశంలో నిలబడి ఉన్నానంటే ఆయన వల్లే. వచ్చిన కొత్తలో, ఇంటికి వెళ్లిపోతానని గదిలో ఏడుస్తుంటే అందరూ ఓదార్చారు. చాచా చెయ్యి పట్టుకుని మైదానానికి లాక్కుపోయి గోల్ ముందు నిలబెట్టాడు. "ఏడుద్దువులే, యాడికి పోతాది ఏడుపు? ముందు ఆ బంతి ఆపు" అన్నాడు. ఆ పూట బంతులు ఆపడంలో ఏడుపు సంగతే మరిచిపోయాను.

ఈ సీజన్‌లో ఆయన పంతం నెగ్గుతూ వచ్చింది. ఒక్కటీ ఓడలేదు. "ఆ చివరి మ్యాచ్ ఒక్కటీ దాటిస్తే నా కాలేజీ కత మానేస్తా. మీ కత చెప్పుకుంటా తిరుగుతా" అన్నాడు. ఆ మాట అనేసి పోయాడు.

మట్టి ఇచ్చి వచ్చాక, పక్క కంపెనీ టీమును నడిపే పెషావర్ ఫోర్‌మన్ మా గదికి వచ్చాడు. చాచాకు టీ నేస్తం. చివరి మ్యాచ్ వాళ్లతోనే. ఆడొద్దు, డ్రా అని చెప్పేద్దాం, మీరు ఓడని టీముగానే ఉండిపోతారు అన్నాడు. మావాళ్ల కళ్లు తడయ్యాయి. ఆ రాని టీము సంగతి గుర్తొచ్చి, నేనే వద్దన్నాను.

ఆడాం. చాచా ఉన్నప్పటిలాగే అందరం గోల్ ముందే నిలబడ్డాం. వాళ్లు కొడుతూనే ఉన్నారు, మేం ఆపుతూనే ఉన్నాం. ఆట ముగియబోతుండగా బంతి నా కాలికి తగిలింది. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. వెనక్కి రమ్మని ఎవరూ అరవలేదు. అరవకపోవడం భరించలేక పరుగెత్తాను. కొట్టాను. గోల్.

మావాళ్లెవరూ ఎగరలేదు. అవతలి గీత దగ్గర నుంచి మాత్రం ఒక గొంతు లేచింది. ఓడిపోయిన టీము ఫోర్‌మన్, తన ఉర్దూలో నన్ను తిడుతున్నాడు: "బేవకూఫ్! ఆగే క్యోం గయా? డ్రా కాఫీ థా!" ముందుకెందుకు పోయావు, డ్రా చాలేది కదా అని.

గెలిచిన వాళ్లం అందరం వెళ్లి, ఆయన ముందు తలలు దించుకుని నిలబడ్డాం. ఆయన కళ్లు తుడుచుకుంటూ తిడుతూనే ఉన్నాడు.