మా హాల్లో సముద్రం ఉప్పెక్కిన ఎండాకాలం

ఇది ఒక సముద్రాన్ని చావు నుంచి వెనక్కి లాక్కొచ్చిన వీరగాథ. ఇందులో రాజు ఉన్నాడు, ద్రోహం ఉంది, ప్రళయం కూడా ఉంది. అలా మొదలుపెట్టాలని మహా సరదాగా ఉంది గానీ, ఆ సముద్రం ఇబ్రహీంపట్నంలో మా ఇంటి హాల్లో, టీవీకీ ఫ్రిజ్‌కీ మధ్య, ఇనప స్టాండు మీద ఉండేది. రాజు మా కాక శ్రీశైలం, అంటే బాపు తమ్ముడు. ద్రోహం అమ్మ చేసింది, అదీ ప్రేమకొద్దీ. ప్రళయం వస్తే తుడవడానికి పాత లుంగీ ఒకటి సరిపోయేది.

ఇవాళ అమ్మ ఏదో తెమ్మంటే వెనక గది తలుపు తీశాను. గోడకు ఆనించిన పాత చేపల తొట్టి అద్దాల మూలల్లో తెల్లగా పొరకట్టిన ఉప్పు నుంచి, ఘాటైన వేరే వాసన ఒకటి తొక్కేస్తున్నా సరే, ఆ పాత వాసన సన్నగా వచ్చింది. తడిసిన రాయి, నాచు, ఉప్పు, కొత్త గచ్చు, ఎండాకాలం మధ్యాహ్నం, అన్నీ కలిపిన వాసన.

ఆ రోజుల్లో మా చుట్టూ జొన్నచేలు పోయి రంగులేసిన హద్దురాళ్ళు మొలిచేవి. పొద్దున్నే కంపెనీ బస్సులు ఆదిభట్ల వైపు కునికిపాట్లు పడే మనుషుల్ని మోసుకుపోయేవి, అందులో కిటికీకి తల ఆనించి నిద్రపోయేవాడు మా కాక. కంపెనీ పని మీద ఒకసారి విశాఖ పోయి, జీవితంలో మొదటిసారి సముద్రం చూసొచ్చి, ఆ సంగతి నాయనమ్మకు చేతులు బారజాపి చెప్పాడు. నాయనమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ విని, "గంత నీళ్ళా? ఎవలు పారవెడ్తున్నర్రా?" అంది. ఆమె మోకాళ్ళు గడప దాటడానికే ఒప్పుకునేవి కావు.

"అవ్వను సముద్రం కాడికి తీస్కపోలేం. సముద్రాన్నే ఇంటికి తెద్దాం," అన్నాడు కాక.

"బోరుల నీళ్ళకే దిక్కు లేదు, సముద్రం తెస్తడట," అన్నాడు బాపు.

తెచ్చాడు. మొదటిసారి బోరునీళ్ళు పోస్తే మా బోరులోని ఉప్పూ సున్నమూ అద్దాలకు పట్టి, నాచు పెరిగి, సముద్రం బచ్చలి పప్పులా తయారైంది. తర్వాత శుద్ధి చేసిన నీళ్ళ డబ్బాలు వచ్చాయి, సముద్రం కోసమే తయారుచేసిన ఉప్పు వచ్చింది, నీళ్ళ పరీక్షకు చుక్కలు వేస్తే రంగు మారే సీసాలు వచ్చాయి. నీళ్ళలో సున్నం తగ్గకుండా కాక రోజూ సున్నపుతేట చుక్కచుక్కగా దింపేవాడు. నాయనమ్మ తన సున్నపుడబ్బీ ఇవ్వబోతే, "వద్దవ్వా, అండ్ల జర్దా కల్సి ఉంటది, చాపలకు అలవాటైతది," అనేవాడు.

నా కొలువేమో ఉప్పు కొలిచే గొట్టంలోకి చూడటం. వేలెడు గొట్టం, దాని మూతి మీద తొట్టిలోని నీటిచుక్క వేసి కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే, లోపల పైన నీలం, కింద తెలుపు. ఉప్పు పెరిగితే తెలుపు పైకి పాకి నీలం తగ్గుతుంది. నేనైతే ఆ గీత దగ్గర పడవలు వెతికేదాన్ని.

కాక తెచ్చిన వాటిలో నాయనమ్మకు నచ్చింది ఒక మెత్తని పగడం. తెల్లటి కాడలు, కాడల చివర చిన్నచిన్న చేతులు, చంటిపిల్ల పిడికిలిలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండేవి. ఫ్యాను గరగర, తొట్టి బుడబుడ, వాకిట్లో ఎండుతున్న మామిడిముక్కల పులుపు, వీటన్నిటి మధ్య ఆమె మధ్యాహ్నాలు దాని ముందే కూర్చునేది. "చూడు బిడ్డా, రమ్మంటున్నది," అనేది. సముద్రం తనను పిలుస్తోందని ఆమె నిజంగానే నమ్మింది. కాదనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు, నాకు తప్ప. నేనన్నా ఆమె పట్టించుకోలేదు.

మామిడితొక్కులు పెట్టే ఎండల్లో కాక శిక్షణ కోసం ఊరు దాటాడు. పోతూ, "తొట్టి అద్దం మీది గీతకన్న నీళ్ళు తగ్గితే డబ్బల నీళ్ళు పొయ్యి వదినె," అని అమ్మకు చెప్పాడు. అమ్మ ఏ పాత్రలోదైనా రుచి చూడకుండా వదలదు. డబ్బా నీళ్ళు నాలుక మీద వేసుకుని, "సప్పగున్నయి. శ్రీశైలం ఉప్పు మర్శిండు పో," అంది. చుట్టాలందరి తొక్కుకూ ఉప్పు అందాజా చెప్పే చెయ్యి అది. అప్పటినుంచి పోసిన ప్రతి చెంబులోనూ పిడికెడు దొడ్డుప్పు పడింది.

"అమ్మా, గొట్టంల నీలం తగ్గింది," అన్నాను.

"గీ ఎండలకు తగ్గదా?" అంది.

ఓ మధ్యాహ్నం పగడం చేతులన్నీ మూసుకుని, కాడలు వాడిన కొత్తిమీరలా పడిపోయాయి. నాయనమ్మ కుర్చీలోంచి, "పిలుస్తలేదు బిడ్డా," అంది. అంతే. ఆమె మధ్యాహ్నం భోజనం తాకలేదు.

కాకకు ఫోను కలిపాం. "ఏమేసిండ్రు?" అన్నాడు.

"ఉప్పు. సముద్రం గదా మరి," అంది అమ్మ.

"ఎండకు నీళ్ళే పోతయ్ వదినె, ఉప్పు ఏడికీ పోదు. అండ్లనే ఉంటది. ఇప్పుడు జర తోడి, జర సప్పటి నీళ్ళు పొయ్యాలె. ఒక్కపారి మారిస్తే సస్తది. నిమ్మళంగ."

అలా నిమ్మళంగా మొదలైంది. అమ్మ చెంబుతో తోడేది, చెంబుతో పోసేది, నేను గొట్టంలో చూసి నీలం ఎంత తిరిగొచ్చిందో చెప్పేదాన్ని. పొద్దు ఎలా గడిచేదో తెలిసేది కాదు, ఇంటిల్లిపాదీ నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుండేది. వంటింట్లో మాత్రం అమ్మ చెయ్యి ఉప్పుడబ్బా దాకా పోయి ఆగిపోయేది.

"ఆడ ఎక్కువైంది, ఈడ తక్కువైంది," అన్నాడు బాపు కంచం ముందు. "ఆ తొట్టిలకెళ్ళి ఇంత తోడి పప్పుల పొయ్యరాదు?"

అమ్మ చెంబు తీసుకుని తొట్టి దగ్గరికి పోయింది.

తర్వాత ఒక మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ తొట్టిలోకి వాలినప్పుడు, ఒకే ఒక్క చెయ్యి తెరుచుకుంది. మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. నాయనమ్మ కుర్చీ పట్టుకుని, గడపకే ఒప్పుకోని ఆ మోకాళ్ళ మీద లేచి నిలబడింది. "ఆగు ఆగు, వస్తున్న," అంది దానితో. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది. ఆ పూట పప్పులో ఉప్పు సరిగ్గా ఉంది.

నాయనమ్మ పోయి చాన్నాళ్ళయింది. కాక మీర్‌పేట్‌లో ఫ్లాటుకు మారుతూ చేపల్నీ పగడాన్నీ దుకాణానికి ఇచ్చేశాడు. జొన్నచేలు లేవు, సున్నపుడబ్బీ లేదు, హాల్లో ఆ బుడబుడ లేదు. గొట్టం మాత్రం టీవీ కింద సొరుగులో దొరికింది. నీటిచుక్క వేయకుండా కిటికీకి పెట్టి చూశాను. లోపలంతా నీలమే.

తొట్టిలో ఇప్పుడు ఉల్లిగడ్డలు పోస్తున్నాం. అమ్మ తెమ్మన్నది అవే. అడుగున గోనెసంచి పరచాలి, లేకపోతే కుళ్ళిపోతాయి.