ఊపిరి తీసుకోని పాట

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. రాయపురంలో పుట్టి పెరిగినదాన్ని. మా అవ్వ చెప్పే కొరివిదెయ్యాల కథలకు చిన్నప్పుడే పకపకా నవ్వేదాన్ని. ఇప్పటికీ శ్మశానం పక్కనుంచి ఒక్కదాన్నే నడిచిపోతాను. అంబత్తూరులోని ఆ స్టూడియో వైపు మాత్రం పోను.

నేను ఇంట్లో పిల్లలకు సంగీతం చెప్తాను. పోయినేడాది ఒక తెలుగు చానల్ వాళ్లు కొత్త గాయకుల పోటీకి జడ్జిగా రమ్మన్నారు. షూటింగ్ ఒక పాత ఫ్యాక్టరీ షెడ్డులో. నాతోపాటు రఘురాం గారని ఇంకో జడ్జి, విజయవాడ ఆయన, సినిమాల్లో పాడతారు.

ఎవరు పాడినా నేను మొదట వినేది ఊపిరి. ఎక్కడ పీలుస్తున్నారు, ఎంత దాచుకుంటున్నారు అన్నదాన్ని బట్టి సాధన తెలిసిపోతుంది. జడ్జీలకిచ్చే హెడ్‌ఫోన్లలో అది ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

ఆ రోజు భోజనాలయ్యాక హేమ అనే అమ్మాయి పాడింది. మా పేటకు దగ్గర్లోని వ్యాసర్పాడి పిల్ల, కాలేజీలో చదువుతోంది. చరణంలో అందరూ ఊపిరి చాలక మధ్యలో తెగ్గొట్టే పొడుగు లైను ఉంది. ఆ పిల్ల ఆగలేదు. భేష్ అనుకున్నాను. ఆ తర్వాతి లైనూ అంతే. అప్పుడు పరీక్షగా చూశాను. భుజాలు కదలడం లేదు. మెడ కింద గుంట కదలడం లేదు. హెడ్‌ఫోన్లో గొంతు తప్ప ఊపిరి చప్పుడే లేదు.

హెడ్‌ఫోన్ తీసేశాను. అప్పుడు వినబడింది. ఆ పిల్ల లైను ఎత్తుకునే ముందల్లా, సరిగ్గా నా చెవి వెనక, ఎవరో నోటితో గాలి పీలుస్తున్నారు.

తిరిగి చూస్తే నల్ల తెర. చెయ్యి చాచి తడిమాను. తెర వెనక గోడే తగిలింది.

"విన్నారా?" అని రఘురాం గారిని అడిగాను.

"అద్భుతమండీ!" అన్నారాయన, కళ్లు మూసుకుని తల ఊపుతూ.

మార్కులు చెప్పే ముందు బ్రేకు ఇచ్చారు. మేకప్ రూముకు పోయే సందులో హేమ నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి.

"మేడం, నన్ను తీసేయండి మేడం. మీ కాళ్లు పట్టుకుంటా."

"ఏమ్మా, అంత బాగా పాడినావే?"

"నేను పాడలా మేడం. ఈడ మైకు పట్టుకున్నప్పట్నించీ ఇట్లే. గొంతు దాని పాటికది పోతా ఉంది, ఆపాలన్నా ఆగదు. నా ఊపిరి ఇంకెవరో తీస్తా ఉండారు."

కొత్తవాళ్లకు స్టేజీ భయం మామూలే. "ఏం కాదులే, మెల్లగా ఒక లైను పాడు" అని వీపు మీద చెయ్యి వేశాను.

పాడింది. నా చేతి కింద ఆ వీపు చెక్కలా ఉంది. లైను అయిపోయింది, ఇంకొకటి మొదలైంది. "చాలమ్మా" అన్నాను. ఆగలేదు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, పెదాలు నల్లబడుతున్నాయి, గొంతు మాత్రం తేనెలా సాగుతోంది. నా వీపు గోడకు ఆని ఉంది. అయినా ఆ గాలి పీల్చే చప్పుడు నా చెవి వెనకే!

దాన్ని రెక్క పట్టుకుని పక్క తలుపులోంచి ఎండలోకి ఈడ్చుకొచ్చాను. గడప దాటగానే పాట తెగింది. నీళ్లలోంచి పైకి లాగిన మనిషిలా ఎగశ్వాసతో దగ్గుతూ నేల మీద కూలబడింది. బయట కూర్చున్న వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది.

లోపలికి పోయి ఆ పిల్లకు అందరికంటే తక్కువ మార్కులు వేశాను. "ఇదేం న్యాయమండీ?" అని రఘురాం గారు మండిపడ్డారు. ఆరోగ్యం బాగాలేదని సాకు చెప్పి మళ్లీ ఆడికి పోలేదు.

కొన్నాళ్లకు హేమ ఫోన్ చేసింది. ఇంట్లో పాడుకుంటోందట. "లైను మధ్యలో ఊపిరి చాలడం లే మేడం" అంది. అంత సంతోషంగా ఆ మాట చెప్పినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ ఎపిసోడ్ టీవీలో వచ్చినప్పుడు మా అమ్మాయీ నేనూ కలిసి చూశాం. హేమ పాడుతుంటే కెమెరా నా మొహం మీదికి వచ్చింది.

"అమ్మా, ఎందుకు అట్ట చేస్తా ఉండావు?" అంది మా అమ్మాయి.

హేమ లైను ఎత్తుకునే ముందు, తెర మీద, నా నోరు తెరుచుకుంది. ఛాతీ పైకి లేచింది. లైను సాగినంతసేపూ మెల్లగా దిగింది. మళ్లీ లేచింది. వెనక్కి తిప్పి తిప్పి చూశాం. ఒక్క చోట కూడా తప్పలేదు.

ఆ రోజు స్టూడియోలో ఆ చప్పుడు వింటూ నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. అది నాకు బాగా గుర్తుంది. ఆ పిల్లకు ఊపిరి తీసింది నేనేనా? అయితే నా చెవి వెనక ఉన్నదెవరు? నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు పాఠంలో ఏ పిల్లయినా పొడుగు లైను అందుకుంటే, నా చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోతుంది. కదులుతోందేమోనని.