మావ దాచిన ఓడబిళ్లలు

పోయిన ఆదివారం పొద్దున్నే భావనపాడు నుంచి అత్త ఫోను. "మీ మావ పోనాడే తల్లీ" అంది. అప్పటికి నేను ఆయన్ని చూడ్డానికే బయల్దేరి విశాఖ బస్టాండులో నిల్చున్నాను. ఆయనకివ్వాల్సిన ఓడబిళ్ల నా చేతిసంచిలోనే ఉంది.

మావంటే మా అమ్మకు తమ్ముడు. వయసులో ఉండగా, చేపల వేట సాగని రోజుల్లో విశాఖ పోర్టుకు కలాసీ పనికి వెళ్లేవాడు. రష్యా ఓడలొస్తే పలాస జీడిపప్పు పొట్లాలు పట్టుకెళ్లి నావికుల చేతిలో పెట్టేవాడట. వాళ్లు చొక్కాలకు గుచ్చుకున్న బ్యాడ్జీ బిళ్లలు ఊడదీసి ఇచ్చేవాళ్లట. లంగరు బిళ్లలు, ఎర్రజెండా బిళ్లలు, పేరు చదవలేని రేవుల బిళ్లలు. భాష రాకపోతేనేం, బేరం కుదిరేది. "జీడిపప్పు నోట్లో ఏస్తే ఏ దేశమోడైనా మనోడేనే" అనేవాడు. అన్నిటినీ ఒక ఎర్రగుడ్డకు గుచ్చి బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు.

ఎన్నున్నా ఆయన ప్రాణమంతా ఒకదాని మీదే. బంగారు రంగు ఓడ బొమ్మ ఉన్న బిళ్ల. ఒక ముసలి నావికుడు దాన్ని తనే మావ చొక్కాకు పెట్టి, మళ్లీ వస్తానని సైగ చేసి వెళ్లాడట. ఆ ఓడ మళ్లీ రాలేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా, గంగమ్మ పండగకి ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండుతో తోముతున్నాం. మావ సంతోషిస్తాడని ఆ బిళ్లనూ తోమేశాను. ఇత్తడి బిందైతే తళతళలాడేది. బిళ్ల మీది పూత కాస్తా ఊడి, సత్తుగిన్నెలా తెల్లగా తేలింది. ఓలమ్మో, నా పై ప్రాణాలు పైనే పోయాయి! అత్త వీపు మీద రెండిచ్చింది. మావ మాత్రం బిళ్లని లుంగీ అంచుతో తుడిచి, "రంగు పోనాది గానీ ఓడ పోనేదు కదే గుంటా, ఏడవకు" అన్నాడు. ఆ తర్వాత ఏ పెళ్లికెళ్లినా చొక్కాకి ఆ తెల్లబిళ్లే. చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. అచ్చం అలాంటిదే ఇంకొకటి తెచ్చివ్వాలని అప్పుడే గంగమ్మకి మొక్కుకున్నాను.

ఉద్యోగానికి నేను విశాఖ చేరేసరికి ఆయన కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఆ మాట చెబితే ఎందుకని ఎవరూ అడగరు. వేట మానేసి అరుగు మీద కూర్చునేవాడు. నేను వెళ్తే చాలు, ఒకటే ప్రశ్న.

"ఏటే, రేవులో మన ఓడొచ్చినాదా?"

"ఆ ఎర్రజెండా దేశమే ఇప్పుడు లేదంట మావా" అన్నానొకసారి.

"దేశం పోతే పోనాది. ఓడెక్కడికి పోద్దే?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సెలవు దొరికినప్పుడల్లా పాత సామాన్ల కొట్లు తిరిగాను. చివరికి పోయిన గురువారం, పోర్టు దగ్గర ఒక కొట్లో, ఆగిపోయిన గడియారాల మధ్య కనబడింది. అదే ఓడ, బంగారు రంగు చెక్కుచెదరలేదు. ఆదివారం ఇద్దాంలే అనుకున్నాను. ఆ 'లే' అన్నందుకు ఇంకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి మావని వీధిలో పడుకోబెట్టి ఉంచారు, కొత్త చొక్కా తొడిగి. నా బిళ్ల ఆయన గుండెల మీద పెట్టబోతే అత్త చెయ్యి పట్టుకుంది. డబ్బాలోంచి తెల్లబిళ్ల తీసి తనే పెట్టింది.

"నువ్వు తోమిందే ఆయనకిట్టమే. నా మేనకోడలంత పేమగా దీన్నెవలూ ముట్టుకోనేదు అనీవోడు."

ఇన్నేళ్లూ ఆయన పెళ్లిళ్లకి నా తప్పుని పెట్టుకెళ్తున్నాడనుకున్నాను నేను.

బంగారు ఓడ ఇప్పుడు నా కిటికీలో ఉంది. రేవులో ఓడ కూసినప్పుడల్లా అటే చూస్తున్నాను. మావా, మన ఓడొచ్చినాది. అడగడానికి నువ్వే లేవు.